పేరు రాసిన చేతులు



ప్రతి సంవత్సరం సెప్టెంబరు 5వ తేదీ దగ్గరకు వచ్చిందంటే ఆ ఆదివారం మా సంఘంలో ఉపాధ్యాయులను ముందుకు పిలుస్తారు. డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి జన్మదినాన్ని 1962 నుండి మన దేశంలో ఉపాధ్యాయ దినంగా జరుపుకుంటున్నాం గదా. సండేస్కూలు పిల్లలు పూలు ఇస్తారు. అయ్యగారు ప్రార్థన చేస్తారు. స్త్రీల మైత్రి వాళ్లు టీ పెడతారు. ఇది మంచి ఆచారం. 2025లో మాత్రం మేము ముందురోజు సాయంత్రమే అయ్యగారి ఇంటికి వెళ్లి ఒక మాట అడిగాం.

"అయ్యగారూ, రేపటి ప్రార్థనలో ఇంకో నలుగురిని కూడా తలచుకోండి. వాళ్లు పాఠం చెప్పేవాళ్లు కారు. బడిలో క్లర్కు సారు, అటెండరు, ఆయమ్మ, వంట చేసే ఆమె. నలుగురిలో ముగ్గురు మన సంఘస్థులు కూడా కారు" అన్నాం.

అయ్యగారు మమ్మల్ని కూర్చోబెట్టి సంగతేమిటని అడిగారు. అప్పుడు ఆయనకు చెప్పిందే ఇప్పుడు ఈ పత్రిక ద్వారా మీకూ చెబుతున్నాం. ఇందులో మా తప్పు కూడా ఉంది. దాన్ని దాచుకుంటే సాక్ష్యం సగమే అవుతుంది.

మాది నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్యలో ఉన్న శిరివెళ్ల. ఒకప్పుడు తాలూకా, ఇప్పుడు మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడేవరకు కర్నూలు జిల్లాలో ఉన్నాం, ఆ తర్వాత నంద్యాల జిల్లా వాళ్లమయ్యాం. నల్లరేగడి నేల. వరి, పత్తి, శనగ మా బతుకు. మేమిద్దరం పెద్ద చదువులు చదవలేదు. ఒకరం అయిదో తరగతి, ఒకరం ఏడో తరగతి. అందుకే పిల్లలను ఎలాగైనా చదివించాలని మా ప్రార్థన.

మా పెద్దలు ఒక మాట చెప్పేవాళ్లు. 19వ శతాబ్దంలో ఎస్.పి.జి. మిషనువారు ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల ప్రాంతాల్లో పని చేసి బడులు పెట్టిన కాలం నుండీ, పల్లెల్లో ఉపదేశి ఒక్కడే అన్నీ చూసుకునేవాడట. పొద్దున గంట కొట్టేవాడు, కసువు ఊడ్చేవాడు, పిల్లలను ఇంటింటికీ తిరిగి పిలుచుకొచ్చేవాడు, అక్షరాలు దిద్దించేవాడు, పేర్లు పుస్తకంలో రాసుకునేవాడు, సాయంత్రం అదే గదిలో ప్రార్థన నడిపేవాడు. ఇప్పుడు బడి పెద్దదయింది. ఆ ఒక్కడు చేసిన పనులను పదిమంది పంచుకున్నారు. అయితే పాఠం చెప్పే చేయి మనకు కనబడినట్లు తక్కిన చేతులు కనబడవు. మాకూ చాలాకాలం కనబడలేదు.

క్లర్కు సారు సంగతి ముందు చెబుతాం.

మా పెద్దపాప 2009 అక్టోబరు 10న పుట్టింది. ఆ నెల 2వ తేదీన కర్నూలు పట్టణం తుంగభద్ర, హంద్రీ నీళ్లలో మునిగింది. ఆ భయంలోనే మేము నంద్యాలలో కాన్పుకు పోయాం. అందుకే ఆ తేదీ మేము మరచిపోయేది కాదు. కానీ 2015 జూన్‌లో పాపను ఒకటో తరగతిలో చేర్చిన రోజు మేమిద్దరం చేలో ఉన్నాం. ఇంట్లో పెద్దామె, పాప అవ్వ, వేలు పట్టుకొని తీసుకుపోయింది. పుట్టిన తేదీ అడిగితే ఆమె "వరదలొచ్చిన ఏడు నాయనా" అని చెప్పింది. సంవత్సరం సరిగానే పడింది. నెల మాత్రం బడులు తెరిచే జూన్ అని పడింది. మా తరంలో సగం మందికి జూన్, జులై నెలల్లోనే పుట్టినరోజులు ఉండడానికి కారణం ఇదే గదా! మేమూ మళ్లీ చూసుకోలేదు. ఆ జూన్ తేదీ టి.సి. మీద ఎక్కి, ఆరో తరగతిలో హైస్కూలు రిజిష్టరులోకి కూడా వచ్చింది.

2024 సెప్టెంబరు మొదట్లో పాప పదో తరగతిలో ఉండగా, "క్లర్కు సారు పుట్టినరోజు సర్టిఫికెట్టు తెమ్మన్నాడు" అని చెప్పింది. చూద్దాంలే అన్నాం. పత్తిలో కలుపు తీసే రోజులు. నాలుగు రోజులకు ఫోను వచ్చింది. రేపు వస్తాం సార్ అన్నాం, పోలేదు. మా మనసులో ఉన్నదేమిటో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఏదో ఫీజు పేరు చెప్పి డబ్బులు అడగడానికే పిలుస్తున్నాడనుకున్నాం.

మూడోసారి అటెండరన్న సైకిలు తొక్కుకుంటూ చేలోకే వచ్చాడు. ఎండలో చెమటలు కారుతున్నాయి. గట్టు మీద నిలబడి, "అక్కా, మీరు ఈరోజు రాకుంటే సారే వచ్చేట్లున్నాడు. పాప భవిష్యత్తు సంగతంట. నడవండి" అన్నాడు. పని మధ్యలో వదిలి పోయాం. పోతూ పోతూ కోపం పెంచుకున్నాం. ఆఫీసు గది గడప దాటగానే నోరు జారింది.

"ఏంది సార్, మూడు తూర్లు పిలిపిస్తిరి! మా కూలి మీరిస్తారా? చేయి తడిపితే గానీ మీ పుస్తకాలు కదలవా?"

గదిలో ఇద్దరు ఉపాధ్యాయులు ఉన్నారు. కిటికీ దగ్గర పిల్లలు ఉన్నారు. వాళ్లలో మా పాప కూడా ఉంది. ఆయన ముఖం చిన్నబోయింది. కానీ ఒక్క మాట ఎదురు అనలేదు. అటెండరన్న వైపు చూసి, "వాళ్లకు నీళ్లు ఇవ్వప్పా, ఎండలో వచ్చినారు" అన్నాడు. మేము నీళ్లు తాగేదాకా ఆగి, పెద్ద రిజిష్టరు మా వైపు తిప్పి వేలు పెట్టి చూపించాడు.

"అమ్మా, ఆధార్‌లో అక్టోబరు ఉంది. మా పుస్తకంలో జూన్ ఉంది. ఇంకో రెండు మూడు నెలల్లో పదో తరగతి పిల్లల పేర్లు పరీక్షల ఆఫీసుకు పంపాల. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, రెండు పుట్టుమచ్చలు, ఏది పంపితే అదే సర్టిఫికెట్టు మీద అచ్చవుతుంది. రేపు ఉద్యోగానికైనా, పాస్‌పోర్టుకైనా ఆ తేదీయే అడుగుతారు. ఇప్పుడైతే కాగితం మీద గీత. అచ్చయినాక కొండ" అన్నాడు.

మేము ఇంటికి పరుగెత్తి ట్రంకు పెట్టెలో ఉన్న జనన ధృవపత్రం తెచ్చాం. ఆయన దాన్ని చూసి నిట్టూర్చాడు. తేదీ సరిగానే ఉంది. తల్లి పేరు, తండ్రి పేరు ఉన్నాయి. కానీ శిశువు పేరు అనే చోట ఖాళీ. ఆసుపత్రిలో పుట్టిన వెంటనే నమోదు చేసిన కాగితం అది. అప్పటికి పేరు పెట్టలేదు. పాపకు పేరు పెట్టింది మూడు నెలల తర్వాత, బాప్తిస్మం రోజున. ఆ పేరును ఆ కాగితంలో చేర్పించాలని మాకు తెలియదు.

"పేరు చేర్పించడానికి నమోదైన రోజు నుండి పదిహేనేళ్లు గడువమ్మా. ఈ అక్టోబరుతో మీకు పదిహేనేళ్లు నిండుతాయి. అందుకే మూడు తూర్లు పిలిపించినాను" అని ఆయన మెల్లగా చెప్పాడు.

ఆ మాటకు మా తల వంగిపోయింది. నెల రోజులే మిగిలింది. డబ్బు కోసం పిలుస్తున్నాడని మేము తిట్టుకున్న మనిషి, మా బిడ్డ కోసం మా కంటే ముందు రోజులు లెక్కపెడుతున్నాడు. ఆ తరగతిలో అంతమంది పిల్లలున్నారు, అందరి పేర్లూ ఒక్కొక్కటిగా ఇలాగే సరిచూశాడని తర్వాత తెలిసింది.

అర్జీ ఆయనే రాశాడు. ఏ కిటికీ దగ్గర ఏ కాగితం ఇవ్వాలో చిన్న చీటీ మీద వరుసగా రాసిచ్చాడు. అయినా పట్నంలో ఒక కార్యాలయంలో మమ్మల్ని రెండుసార్లు రేపు రమ్మని తిప్పి పంపారు. చదువు లేనివాళ్లం, గట్టిగా అడగలేం. మూడోసారి ఆయన సెలవు పెట్టుకొని మాతో పాటు బస్సు ఎక్కాడు. తన టికెట్టు డబ్బులు కూడా మమ్మల్ని ఇవ్వనీయలేదు. అక్కడ పేరుకు, తేదీకి రుజువు చూపించమని అడిగారు. బడి నుండి స్టడీ సర్టిఫికెట్టు ఆయన సిద్ధంగా తెచ్చాడు. మన అయ్యగారు బాప్తిస్మపు పుస్తకం చూసి పుట్టిన తేదీ, పెట్టిన పేరు రాసి ముద్ర వేసి ఇచ్చారు. ఆ పుస్తకంలో ఆ వరుస రాసింది కూడా జీతం లేకుండా సంఘపు లెక్కలు చూసిన ఒక పెద్దాయనే. ఆయన ఇప్పుడు ప్రభువు దగ్గర ఉన్నాడు. ఎప్పుడో ఒకరు శ్రద్ధగా రాసిన ఒక్క వరుస పదిహేనేళ్లకు మా బిడ్డకు ఆధారమయింది.

సెప్టెంబరు నెల చివరకు పేరు చేరిన పత్రం మా చేతికి వచ్చింది. హెడ్మాస్టరు గారు పై అధికారులకు రాసి రిజిష్టరులో తేదీ సరిచేయించారు. మేము ఒక కవరులో అయిదు వందలు పెట్టుకొని పోయాం. ఆయన ఆ కవరు ముట్టుకోలేదు. "ఆ రోజు మీరన్న మాట నిజం చేయమంటారా?" అని నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు. కానీ మేము ఆ గదిలోనే, ఆ రోజు ఉన్న ఉపాధ్యాయుల ముందే, చేతులు జోడించి తప్పు ఒప్పుకున్నాం. అందరి ముందు అవమానపరచి, చాటున క్షమాపణ అడగడం న్యాయం కాదని మాకు తోచింది.

ఇక ఆయమ్మ సంగతి. ఇది చెప్పాలా వద్దా అని ఆలోచించాం. ఆడబిడ్డలున్న తల్లిదండ్రులు అర్థం చేసుకుంటారని చెబుతున్నాం.

2019 నవంబరు 14న మొదలైన నాడు-నేడు పనుల్లో మన రాష్ట్రంలోని ప్రభుత్వ బడులకు మరుగుదొడ్లు, నీళ్ల వసతి కల్పించారు. 2021లో వాటి శుభ్రతకు ఆయమ్మలను పెట్టారు. నెలకు 6,000 రూపాయల గౌరవ వేతనం. పొద్దున అందరికంటే ముందు వచ్చి, పిల్లలు ఎంత పాడుచేసినా అంత కడిగే పని.

2022 డిసెంబరులో, పాప ఎనిమిదో తరగతిలో ఉండగా, ఒక రోజు మధ్యాహ్నం గంట కొట్టినా బల్ల మీద నుండి లేవలేదట. ఏడుస్తూ కూర్చుంది. మాలో తల్లి చేలో ఉంది, తండ్రి ట్రాక్టరు వెంట పోయాడు. ఆయమ్మ చూసింది. ఒక్క మాటతో గదిలో పిల్లలందరినీ బయటికి పంపేసింది. పాప పెద్దమనిషి అయిందని ఆమెకు అర్థమయింది. ఆయమ్మకు రోజూ రెండు చీరలు. ఒకటి కడిగే పనికి, ఇంకొకటి పని అయ్యాక కట్టుకొని ఇంటికి పోవడానికి. ఆ శుభ్రమైన చీరను మడత విప్పి పాపకు చుట్టింది. తాను తడిసిన పని చీరతోనే, నడివీధిలో, పాప భుజం మీద చేయి వేసి మా ఇంటిదాకా నడిపించుకొచ్చింది. దారి పొడుగునా, "ఏడవద్దు బంగారూ, ఇది భయపడేది కాదు, దేవుడు ఆడబిడ్డకు పెట్టిన నియమం" అని చెబుతూనే ఉందట.

మేము కబురు అంది ఇంటికి వచ్చేసరికి ఆమె బయట అరుగు దగ్గర నిలబడి ఉంది. మేము ఆమెను లోపలికి రమ్మనలేదు. టీ ఇచ్చాం, అరుగు మీదే ఇచ్చాం. మరుగుదొడ్లు కడిగే మనిషి గదా అనే ఆలోచన ఏ మూలనో పనిచేసింది. ఈ మాట రాస్తుంటే చేయి వణుకుతున్నది. ఎందుకంటే మన తాతలను కూడా ఒకప్పుడు ఇతరుల అరుగుల కిందే నిలబెట్టారు. సువార్త వచ్చి మనలను లేపింది. లేచిన మనం ఇంకొకరిని అరుగు కింద నిలబెట్టడమా? ఆమె ఆ రోజు ఏమీ అనలేదు. టీ తాగి, గ్లాసు తానే కడిగి బోర్లించి వెళ్లిపోయింది. ఆ బోర్లించిన గ్లాసు మాకు చాలా రోజులు కళ్ల ముందు కనబడింది.

2024 క్రిస్మస్ రోజున ఆమెను ఇంటికి పిలిచాం. లోపల, మా పక్కన, మంచం మీద కూర్చోబెట్టి అన్నం వడ్డించాం. ఒక కొత్త చీర పెట్టాం. ఆమె ఆ చీర చూసి, "పాప బాగుందా? అది చాలు" అంది. ఇచ్చిన దానికి బదులు ఇచ్చామని మేము అనుకోవడం లేదు. రెండేళ్లు ఆలస్యంగా తలుపు తీశాం, అంతే.

వంట చేసే ఆమె గురించి కూడా రెండు మాటలు. మధ్యాహ్న భోజన పథకం 1995 ఆగస్టు 15న మొదలయినప్పుడు మన దగ్గర నెలకు మూడు కిలోల బియ్యం ఇచ్చేవాళ్లు. అవ్వలు సంచులు పట్టుకొని బడికి పోవడం మాకు గుర్తుంది. తర్వాత 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన భోజనమే పెట్టాలని ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003 జనవరి నుండి బడిలో పొయ్యి వెలిగింది. 2024లో ఆ పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. గోదావరి లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవారికి వేళ కాని వేళ కూడా వండి పెట్టి, 1909లో కన్నుమూసిన తల్లి ఆమె. పేరు పెట్టడం బాగుంది. కానీ ఆ పేరు నిలబడేది మా బడి వెనుక పొగలో నిలబడి, వందల గుడ్లు ఉడకబెట్టే చేతుల వల్లనే. వంట చేసేవారికి గౌరవ వేతనం ఎన్నో ఏళ్లు నెలకు 1,000 రూపాయలే. 2019లో దాన్ని 3,000 చేశారు. బిల్లు రావడం ఆలస్యమయినప్పుడు కూడా అంగడిలో చెప్పి సరుకులు తెచ్చి వండిన రోజులున్నాయని ఆమె ఒకసారి మాటల్లో చెప్పింది. "పిల్లల కడుపు బిల్లు దాకా ఆగుతుందా?" అంది.

మా చిన్నోడు నిదానంగా తింటాడు. వరుసలో చివరన నిలబడతాడు. ఒకరోజు గిన్నె ఖాళీ అయిపోతే, ఆమె తనకోసం తీసి పెట్టుకున్న అన్నం వాడి పళ్లెంలో పెట్టిందట. వాడు ఇంటికొచ్చి, "అమ్మా, ఆమె తినలేదు, నీళ్లు తాగింది" అని చెప్పాడు. పిల్లలు అన్నీ చూస్తారు. పెద్దవాళ్లం మనమే చూడం.

ఇవన్నీ జరిగిన తర్వాత మేము బైబిలు చదువుతుంటే, ఇంతకుముందు దాటిపోయిన పేర్ల దగ్గర ఆగుతున్నాం. రోమీయులకు రాసిన పత్రిక అంటే అందరం పౌలు రాశాడంటాం. పదహారో అధ్యాయం 22వ వచనం చూడండి. ఆ పత్రికను చేతితో రాసిన తెర్తియు అక్కడ తానే వందనం చెబుతాడు. అపొస్తలుడు చెప్పాడు, ఇతడు రాశాడు. ఒక్క అక్షరం తప్పుగా పడకూడదని ఎంత జాగ్రత్త పడ్డాడో! పౌలు అతని వందనానికి తన పత్రికలో చోటిచ్చాడు. అదే అధ్యాయం మొదట్లో ఫీబే పేరు ఉంది. అంత పెద్ద పత్రికలో రాసినవాడి పేరు, సంఘానికి పరిచర్య చేసిన ఆమె పేరు ప్రభువు చెరిగిపోనివ్వలేదు.

యిర్మీయా గ్రంథం 38వ అధ్యాయంలో ఎబెద్మెలెకు సంగతి కూడా చదవండి. అతడు పరదేశి, కూషీయుడు, రాజు ఇంట్లో పని చేసేవాడు. బురద గోతిలో దిగబడిన యిర్మీయాను పైకి లాగడానికి తాళ్లు మాత్రమే తీసుకుపోలేదు. పాత బట్టలు, చింపిరి గుడ్డలు వెతికి తెచ్చి, చంకల కింద పెట్టుకో, తాళ్లు కోసుకుపోకుండా ఉంటాయి అని పైనుండి చెప్పాడు. తాళ్లతో ఎవరైనా లాగుతారు. గుడ్డలు తేవాలని తోచడమే దయ. ఆయమ్మ విప్పిన చీర మడత మాకు ఆ గుడ్డలలాగే కనబడింది. క్లర్కు సారు ఇచ్చిన నీళ్ల గ్లాసు కూడా అంతే. ఉద్యోగం మనిషికి తాడు ఇస్తుంది, గుడ్డ మాత్రం ఎవరికి వారే తమ హృదయంలో నుండి తేవాలి. ఎబెద్మెలెకు ఇశ్రాయేలీయుడు కాడు. అయినా దేవుడు తర్వాతి అధ్యాయంలో అతనికి పేరు పెట్టి మాట పంపించాడు. మన సంఘస్థులు కాని ముగ్గురి కోసం ప్రార్థించమని మేము అయ్యగారిని అడగడానికి ఇదే ధైర్యం.

ప్రియమైన చదువరులారా, మాకు అర్థమయిన నాలుగు మాటలు మీతో పంచుకుంటాం.

ఒకటి, ఈ పత్రిక చేతిలో ఉండగానే మీ పిల్లల జనన ధృవపత్రం తీసి చూడండి. పేరు ఉందా? తేదీ, తల్లిదండ్రుల పేర్లు బడిలో ఉన్నట్లే ఉన్నాయా? పేరు లేకపోతే పదిహేనేళ్లు దాటకముందే చేర్పించుకోండి. బాప్తిస్మం జరిగిన వారమే ఆ పని చేస్తే ఇంకా మంచిది.

రెండు, బడి ఆఫీసు నుండి కబురు వస్తే వెంటనే పోండి. కూలి పోతుందని మనకు బాధ ఉంటుంది, నిజమే. అయినా ఆ ఒక్క పూట బిడ్డ జీవితకాలపు లెక్క కావచ్చు.

మూడు, ఆ గదిలో మాట జాగ్రత్త. అందరూ మంచివాళ్లేనని మేము చెప్పడం లేదు, చేయి చాచేవాళ్లనూ చూశాం. కానీ ఒకరు చేసిన తప్పుకు ఇంకొకరిని ముందే దోషిని చేయకూడదు. పిల్లలకు కూడా అటెండరును అన్నా అని, ఆయమ్మను అమ్మా అని పిలవడం నేర్పించండి. ఏయ్ అని పిలిచే పిల్లవాడు ఇంట్లో విన్నదే బడిలో అంటాడు.

నాలుగు, కోత పండుగకో క్రిస్మస్‌కో వాళ్లను ఇంటికి పిలవండి. లోపలికి పిలవండి.

2025 మార్చి 17న పరీక్షలు మొదలయ్యాయి. ఆ పొద్దున అటెండరన్న గేటు దగ్గర నిలబడి ఒక్కొక్క బిడ్డకు, "హాల్ టికెట్టు ఉందా? పెన్ను ఉందా?" అని అడిగి పంపాడట. ఏప్రిల్ 23న ఫలితాలు వచ్చాయి. దేవుని కృపవలన పాప మంచి మార్కులతో పాసయింది. టి.సి. తీసుకోవడానికి మేము ముగ్గురం పోయాం. ఈసారి కవరు కాదు, ఒక మిఠాయి పొట్లం తీసుకుపోయాం. క్లర్కు సారు దాన్ని విప్పి మొదట అటెండరన్నకు, ఆయమ్మకు, వంట చేసే ఆమెకు పంచి, తర్వాత తాను ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.

సర్టిఫికెట్టు మీద పాప పేరు, పక్కన అక్టోబరు 10. మేము ఆ వరుసను వేలితో తడిమి చూసుకున్నాం. ఆయన టి.సి. పుస్తకం తిప్పి, ముట్టినట్లు సంతకం చేయమన్నాడు. పాప చేసింది. మేమిద్దరం మా కాలంలో అదే చోట వేలిముద్ర వేసిన వాళ్ల పిల్లలం. పాప బయటికి వచ్చేటప్పుడు వంగి ఆయన కాళ్లకు మొక్కబోతే, ఆయన ఆపి, "బాగా చదువుకో తల్లీ. నువ్వు కూడా ఏదో ఒక రోజు ఎవరి పేరో రాయాల్సి వస్తుంది. సరిగా రాయి" అన్నాడు.

ఇప్పుడు పాప నంద్యాలలో ఇంటర్మీడియట్ చదువుతున్నది. మేము మా కుటుంబ ప్రార్థనలో రోజూ ఇలా అడుగుతున్నాం. మీరూ మాతో కలిసి ప్రార్థించండి.

తండ్రీ, మా బిడ్డల బడుల్లో గంట కొట్టే చేతులను, గదులు కడిగే చేతులను, అన్నం వండే చేతులను, పేర్లు రాసే చేతులను ఆశీర్వదించుము. వారికి ఆరోగ్యము, చాలినంత జీతము, మా నుండి గౌరవము దయచేయుము. వారిని చూచే కన్నులు మాకిమ్ము. మా తలుపులు తెరిపించుము. యేసు నామమున, ఆమేన్.